మెట్ల కింద ఆగిన పియానో

"మొన్నటి నుంచి అడుగుతున్నాను, నా నీలం తువ్వాలు ఏమైందని. ఈ ఇంట్లో తువ్వాళ్లకి కూడా కాళ్లొస్తాయా?"

"ఇల్లంతా అట్టపెట్టెల్లో ఉంటే మీకు తువ్వాలు గోల! ఆ పసుపుది తీసుకోకూడదూ?"

"అది అత్తయ్యది."

"అయితే నాది తీసుకోండి."

"నీది ఒళ్లు తుడుచుకోడానికా, ముక్కు తుడుచుకోడానికా?"

తలుపు తెరిచే ఉంది. గంట నొక్కడానికి ఎత్తిన చెయ్యి దించి, నేను గుమ్మంలోనే ఆగిపోయాను. భార్యాభర్తలు తువ్వాలు దగ్గర పోట్లాడుకుంటున్నారంటే అసలు గొడవ ఇంకెక్కడో ఉంటుందని నా అనుభవం.

"పారేశానండీ," అంది చివరికి భార్య. "ఆ మనిషి కాలికి నెత్తురు కారుతుంటే తీసుకెళ్లి తుడిచాను. ఆ నెత్తురు గుడ్డని ఉతికి మీ కుర్చీ మీద వెయ్యమంటారా?"

భర్తకి ఇంత జరిగాక తువ్వాలు అడగడం సిగ్గనిపించినట్టుంది, పక్కగదిలోకి వెళ్లిపోయాడు. ఆవిడ అప్పుడు నన్ను చూసింది.

"అమ్మ పిలిపించిన డిటెక్టివ్ మీరేనా? రండి. పియానోని ఎలా దాటారు?"

"పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి," అన్నాను.

నిజంగానే ఆ ఇంటికి రావాలంటే ముందు పియానోని దాటాలి. వీధి తలుపు తీయగానే మెట్లు. ఆ మెట్ల అడుగున, గోడకి ఒరిగి, ఒక మూల పగిలి, నిలువు పియానో ఒకటి పడి ఉంది. మనిషి పక్కవాటుగా దూరేంత సందు మాత్రం వదిలింది. ఇన్సూరెన్స్ వాళ్లు చూసేదాకా కదపొద్దన్నారు. అందుకని మొన్నటి నుంచి ఆ ఇంట్లో వాళ్లు పాలకీ కూరగాయలకీ కూడా ఆ సందులోంచే వెళ్లొస్తున్నారు.

పియానో టీచరమ్మది. నలభై ఏళ్లుగా ఆ మేడ మీదే పిల్లలకి పాఠాలు చెప్పింది. మోకాళ్లు మెట్లెక్కనివ్వడం లేదని, కూతురూ అల్లుడూ తనూ కలిసి మెట్లు లేని ఇంటికి మారిపోదామనుకున్నారు. సామానంతా ఎవరైనా మోస్తారు, పియానోకి మాత్రం పియానోలు మోసేవాళ్లే కావాలని ఆవిడ పట్టుబట్టింది. ఇద్దరు మూవర్స్ ఫోన్‌లోనే రేటు చెప్పేశారు. మూడో కంపెనీ నుంచి మేస్త్రీ స్వయంగా వచ్చాడు. మెట్లు రెండుసార్లు ఎక్కి దిగాడు, తలుపు వెడల్పు కొలిచాడు, పియానో వెనక్కి వంగి లోపలి ఇనుప చట్రం ఎంత బరువుంటుందో అడిగాడు. ఆవిడ అతన్నే పెట్టుకుంది.

మొన్న పొద్దున నలుగురు మనుషులు దాన్ని సగం మెట్లు క్షేమంగా దించారు. మిగతా సగంలో జారింది. ముందు పట్టుకున్న మనిషి పాదం దాని కింద నలిగింది. ఆసుపత్రిలో ఉన్నాడు. ఎముక మూడు చోట్ల విరిగింది, మళ్లీ బరువులు మోయలేకపోవచ్చని డాక్టర్లు అంటున్నారు.

టీచరమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. పియానో ఉండిన చోట గోడ లేతరంగులో మిగిలింది. ఆవిడ కుర్చీ ఇప్పటికీ ఆ ఖాళీ చోటుకేసే తిరిగి ఉంది.

"కూర్చో అమ్మా. ఫోన్‌లో చెప్పాను కదా. ఆ మేస్త్రీ నిర్లక్ష్యంగా పని చేశాడని వాళ్ల కంపెనీ ఇన్సూరెన్స్ సర్వేయర్ రాయబోతున్నాడు. అలా రాస్తే ఆ దెబ్బ తగిలినతనికి పైసా రాదు. ఏం జరిగిందో నాకు తెలియాలి."

"మీకేం వస్తుంది?"

"మేస్త్రీది తప్పయితే నా పియానో ఖరీదు ఆ కంపెనీ ఇచ్చుకోవాలి. కంపెనీ అంటే ఏముంది, ఆ మేస్త్రీ, రెండు బళ్లు. తప్పు వాళ్లది కాదని తేలితే అతని కాలికి ఇన్సూరెన్స్ డబ్బు వస్తుంది. నాకేం రాదు."

"అంటే మీకు డబ్బు రాకుండా చెయ్యడానికి మీరే నన్ను పెట్టుకుంటున్నారు."

"నిజం చెప్పడానికి పెట్టుకుంటున్నాను," అంది ఆవిడ. పాఠంలో పిల్ల పియానో మీద తప్పు మెట్టు నొక్కితే చూసినట్టు చూసింది నన్ను.

*

మెట్ల మీద ఒక గొంతు వినపడింది. "జాగ్రత్త, జాగ్రత్త. ఇది పడితే నా మీద నేనే రిపోర్టు రాసుకోవాలి."

ఆ గొంతు నాకు తెలుసు. గుమ్మంలోకి వచ్చి కిందికి చూశాను. ఒకే ఇన్సూరెన్స్ కంపెనీలో తొమ్మిదేళ్లు పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్నాం. నేను బయటికొచ్చి సొంత ఆఫీసు పెట్టుకున్నాను. ఆయన అక్కడే సీనియర్ సర్వేయర్ అయ్యాడు. ఏ క్లెయిమ్ వచ్చినా కొంతయినా కోయకుండా వదలడని ఆఫీసంతా ఆయన్ని కత్తెర అంటారు. ఆయనకి ఆ పేరు ఇష్టం.

"ఓహో, మేడమ్‌గారు!" కత్తెర పియానో సందులోంచి పొట్ట లోపలికి లాక్కుని బయటపడ్డాడు. "ఇందాక కింద నిలబడితే వినిపించింది, తువ్వాలు పోయిందని. కేసు మీకే అప్పగించారా?"

"మీకు అప్పగిస్తే తువ్వాలు సగమే దొరుకుతుందని భయపడ్డారేమో."

ఆయన వెనకే మేస్త్రీ వచ్చాడు. యాభై దాటిన మనిషి, మెడ మీద పట్టీల రాపిడికి చర్మం నల్లబడి ఉంది. పియానో పక్కన నడుస్తూ దానికి చెయ్యి తగలకుండా చూసుకున్నాడు.

కత్తెర చేతిలో మూసిన ప్లాస్టిక్ సంచి ఉంది. లోపల చేతి వెడల్పు ఉన్న నారింజ రంగు పట్టీ, దాని ఇనుప బకిల్.

"పావుగంట పని," అన్నాడాయన నాతో. "చెబుతాను వినండి. మెట్ల పైన స్తంభం ఉందా? ఈ పట్టీ ఒక కొస పియానోకి, ఇంకో కొస ఈ బకిల్‌తో ఆ స్తంభానికి. మోసేవాళ్ల చెయ్యి జారినా పట్టీ ఆపాలి. ఈ బకిల్‌కి పళ్లున్నాయి. మీట టక్కుమనేదాకా నొక్కితేనే పళ్లు పట్టుకుంటాయి. నొక్కలేదనుకోండి, చూడ్డానికి బిగువుగా ఉంటుంది, బరువు పడగానే వదిలేస్తుంది. నాకు దొరికినప్పుడు మీట తెరిచే ఉంది. ఇంకేం కావాలి?"

"నేను నొక్కానండీ," అన్నాడు మేస్త్రీ. "చప్పుడు కూడా విన్నాను."

"అందరూ నొక్కామనే అంటారు. పైగా సాక్షి ఉన్నాడు. ఈ ఇంటి అల్లుడుగారు కింద వీధి తలుపు పట్టుకుని నిలబడ్డారు. మేస్త్రీ 'వదలండి, వదలండి' అని అరిచాడు, అప్పుడు జారింది, అని సంతకం పెట్టి ఇచ్చారు."

మేస్త్రీ ఆయన వైపు చూడలేదు. నా వైపు తిరిగాడు. "మేం పని మీద ఉంటే నోరు విప్పం అమ్మా. ముందు పట్టుకున్న మావాడికి చెవులు వినపడవు. అందుకని పియానో వీపు మీద వేళ్లతో తడతాను. ఒకసారి తడితే ఆగాలి, రెండుసార్లు తడితే కదలాలి. చేతుల్లోకి తెలుస్తుంది. వాడితో పాటు అందరికీ అదే అలవాటైపోయింది."

"ఆ రోజు అసలు అరవలేదా?"

"అరిచాను. జారడం మొదలయ్యాక. వాడికి వినపడదని తెలిసి కూడా తప్పుకోరా అని అరిచాను."

కత్తెర నిట్టూర్చాడు. "మనసు కరిగే మాటే. రిపోర్టులో దీనికి గడి లేదు."

*

మెట్లు నేరుగా ఉన్నాయి, మలుపు లేదు. సరిగ్గా మధ్యలో నలుగురు నిలబడగలిగేంత వెడల్పు మెట్టు ఒకటి. పైకొసన, ఇంటి గుమ్మానికి ఎదురుగా, రెయిలింగ్ మొదట్లో నా నడుము ఎత్తున చెక్క స్తంభం. రెయిలింగ్ అంతా కొత్తగా వార్నిష్ కొట్టి ఉంది. అద్దంలా మెరుస్తోంది.

"ఈ వార్నిష్ ఎవరు వేశారు?" అడిగాను.

"మా అల్లుడు," అంది టీచరమ్మ గుమ్మంలోంచి. "ఇల్లు ఖాళీ చేసేముందు బాగు చేసి ఇవ్వాలని నాలుగు ఆదివారాలు కూర్చుని గీకి, రుద్ది, వేశాడు. మా ఇంట్లో ఎవరం దాని మీద చెయ్యి వేసి మెట్లు దిగలేదు, అంత భయపెట్టాడు."

స్తంభం ముందు కూర్చున్నాను. గుమ్మం వైపు ముఖాన వార్నిష్ మీద పట్టీ వెడల్పున మసకబారిన గీత. మెట్ల వైపు ఏమీ లేదు. బరువు కిందికి లాగుతుంటే పట్టీ ఒరుసుకునేది అవతలి ముఖాన్నే కాబట్టి అది సరే. బొటనవేలితో తడిమాను. గీత నెమ్మదిగా పడింది, అంచులు నున్నగా ఉన్నాయి. కొంచెం కొంచెంగా పట్టీ వదులుతూ దించినప్పుడు పడే గీత.

"ఇది మొదటి సగం దించినప్పటిది కదా?"

"అవునమ్మా."

"మరి రెండో సగానిది ఏది?"

కత్తెర వంగి చూశాడు. "ఏది అంటే?"

"పియానో జారింది. అంత బరువు ఒక్కసారి గుంజింది. పట్టీ బకిల్‌లోంచి సర్రున జారుతూ ఈ స్తంభం చుట్టూ తిరిగి ఊడిపోయింది. నాలుగు ఆదివారాల వార్నిష్ లేచిపోయి చెక్క కనపడాలి. మెల్లగా దించితే గీత పడిన చోట, గుంజితే కనీసం గోరు గీత కూడా పడలేదేం?"

"పట్టీ వదులుగా ఉండి ఉంటుంది."

"వదులుగా ఉంటే కింద నుంచి చూసినప్పుడు వేలాడేది. మేస్త్రీగారూ, మళ్లీ ఎత్తేముందు పట్టీ చూశారా?"

"చూశాను. కింద నుంచే చూశాను, బిగువుగానే ఉంది." గొంతు సవరించుకున్నాడు. "పైకెళ్లి చూసుండాల్సింది. అది నా మీదే ఉంటుంది."

"రాసుకుంటున్నాను," అన్నాడు కత్తెర.

"రాసుకోండి. ఈ స్తంభానికీ పట్టీకీ మధ్య మెత్తటిదేదో ఉందని కూడా రాసుకోండి."

"ఏముంది? తలగడా?"

నేను సంచి అడిగాను. సీలు తెరవకూడదన్నాడు. తెరవక్కర్లేదన్నాను. కిటికీ వెలుగులో పట్టుకుని తిప్పి చూస్తే బకిల్ పళ్ల మధ్య సన్నటి పోగులు ఇరుక్కుని ఉన్నాయి. కత్తిరించినట్టు లేవు, పీకినట్టున్నాయి. చుట్టలు తిరిగిన నూలు పోగులు. తువ్వాలు మీద ఉండే కుచ్చులాంటివి. నీలం రంగువి.

కత్తెర కూడా చూశాడు. ఆయన తెలివి తక్కువవాడు కాదు. రెండు క్షణాల్లో జవాబు వెతుక్కున్నాడు.

"ఇందాక ఇంటావిడే చెప్పింది కదా, నీలం తువ్వాలుతో నెత్తురు తుడిచానని. పట్టీ అక్కడే పడి ఉంది. తువ్వాలు దానికి తగిలి ఉంటుంది. అంతే."

"తువ్వాలుతో ఎవరూ తుడవలేదండీ," అన్నాడు మేస్త్రీ. "కట్టు కట్టింది నా చొక్కాతో."

"మీరు అలాగే చెబుతారు లెండి."

అది నిజమే. మేస్త్రీ మాట మేస్త్రీకి అక్కరకొచ్చే మాటే. నాకు ఇంకో నోటి నుంచి కావాలి.

"పియానో పడ్డాక అల్లుడుగారు ఎటు నుంచి వచ్చారు మేస్త్రీగారూ?"

"పైనుంచే. తల తడిసి ఉంది. చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. ఆసుపత్రికి కారు ఆయనే నడిపారు, దారి పొడుగునా సీటు తడి అయింది."

కత్తెర పెన్ను ఆగింది.

*

అల్లుడు పక్కగదిలో అట్టపెట్టెకి టేపు అంటిస్తున్నాడు. నాకంటే ముందు కత్తెర లోపలికి వెళ్లాడు. "మీ వాంగ్మూలం మీద ఈవిడకేదో సందేహమట. చెప్పండి సార్, కింద తలుపు దగ్గరే ఉన్నారు కదా?"

"ఉన్నాను."

"తలుపు ఏ చేత్తో పట్టుకున్నారు?" అడిగాను.

"కుడి చేత్తో."

"ఆ తలుపు గోడకి కొక్కెం ఉంది. పియానో వస్తుంటే మేస్త్రీ దాన్ని కొక్కేనికి తగిలించాడట. ఎవరూ పట్టుకోవలసిన పని లేదు."

టేపు చేతికి అంటుకుపోయింది. విడదీసుకుంటున్నాడు.

"అప్పుడు మీరు స్నానం చేస్తున్నారు."

టేపు ఉండ చుట్టి పక్కన పడేశాడు. తర్వాత తలుపు వైపు చూసి, అత్తగారు దగ్గర్లో లేదని చూసుకుని, గొంతు బాగా తగ్గించాడు.

"అత్తయ్యకి మాటిచ్చాను మేడమ్. అడుగడుగునా పక్కనే ఉంటానన్నాను. వాళ్లు మధ్య మెట్టు మీద పియానో దింపి మంచినీళ్లు తాగుతున్నారు. దుమ్మంతా నెత్తి మీదే ఉంది. ఈ గ్యాప్‌లో రెండు చెంబులు పోసుకుని వచ్చేద్దామనుకున్నాను. అంత పని అయ్యాక, నేను బాత్‌రూమ్‌లో ఉన్నానని ఏ మొహంతో చెప్పను? ఏదో అరుపు వినిపించింది. అది 'వదలండి' అనేనా అని సర్వేయర్‌గారు అడిగారు. అవునన్నాను."

కత్తెర దగ్గాడు.

"అరుపు వినగానే బయటికొచ్చారా?" అడిగాను.

"ఎలా వస్తాను? తువ్వాలు లేదు!" ఆ విసుగులో ఆయన గొంతు మళ్లీ పెరిగింది. "బయట కుర్చీ మీద వేసే వెళ్లాను. ఆ అరుపుకి ముందే తలుపు సందులోంచి చెయ్యి పెట్టి తడిమితే లేదు. తువ్వాలు, తువ్వాలు అని నాలుగుసార్లు కేకేశాను. పలికే నాథుడు లేడు. ఇంతలో ఆ అరుపు, వెంటనే ఢామ్మని చప్పుడు. తడి ఒంటి మీదే బట్టలు వేసుకుని పరిగెత్తాను."

చెప్పడం అయ్యాక కూడా తను ఏం చెప్పాడో ఆయనకి తెలియలేదు. కత్తెరకి తెలిసింది.

"మీ సాక్షే," అన్నాను ఆయనతో, వసారాలోకి వచ్చాక. "చప్పుడు కాకముందే తువ్వాలు కుర్చీ మీద లేదు. ఇంకా నెత్తురు లేని కాలికి తువ్వాలు ఎందుకు?"

"మంచి లెక్కే," అన్నాడు కత్తెర. ఓడినట్టు అనలేదు. "కానీ మేడమ్, తువ్వాలు చూపించండి. పట్టీ ముద్ర ఉన్న తువ్వాలు. అది లేనంత వరకు నా దగ్గర తెరిచిన బకిల్ ఉంది, మీ దగ్గర తడి అల్లుడు ఉన్నాడు. సాయంత్రం లోపల ఫైలు పంపాలి. టీచరమ్మగారి సంతకం ఒక్కటే మిగిలింది. ఇంట్లో వాళ్లెవరూ పట్టీని ముట్టుకోలేదని."

*

కూతురు వంటింట్లో కూర తరుగుతోంది. నేను తలుపు దగ్గరకి వేశాను.

"మేస్త్రీ మొదటిసారి వచ్చి మెట్లు చూసుకున్న రోజు మీరు ఇంట్లో ఉన్నారా?"

"లేను. ఆఫీసులో ఉన్నాను. ఏం?"

"ఆ రోజు ఆయన ఒక మాట చెప్పాడట. గుడ్డలు చుట్టేది పియానోకే, స్తంభానికి కాదు, గుడ్డ పెడితే పట్టీ సరిగ్గా కూర్చోదు, గీత పడితే పాలిష్ మేం చేయించి ఇస్తాం అని. మీ అమ్మగారు సరే అన్నారు. మీకు ఎవరూ చెప్పలేదు."

కత్తి ఆగలేదు. ముక్కలు మాత్రం మందంగా పడుతున్నాయి.

"మంచినీళ్లు మీరే ఇచ్చారు. ఖాళీ గ్లాసులు పట్టుకుని పైకొచ్చేసరికి మీవారి వార్నిష్ మీద పట్టీ కోసుకుంటూ కనపడింది. వాళ్లు నలుగురూ కిందే ఉన్నారు. బకిల్ మీట ఎత్తి, పట్టీ వదులు చేసి, కుర్చీ మీద ఏది దొరికితే అది మడిచి కింద పెట్టి, మళ్లీ లాగారు. మీట నొక్కాలని మీకెలా తెలుస్తుంది? బిగువుగానే ఉంది కదా."

నేనయినా అదే పని చేసి ఉండేదాన్ని. మా ఇంట్లో వేడి గిన్నె కింద గుడ్డ వేయకుండా బల్ల మీద పెడితే నా చెయ్యి దానంతటదే లేస్తుంది. ఈ మాట ఆవిడతో అనలేదు.

"ఆ తువ్వాలు చూపించండి, అప్పుడు మాట్లాడదాం," అంది ఆవిడ.

కత్తెర అన్నమాటే. కానీ ఆయన సవాలుగా అన్నాడు. ఈవిడ భయంగా అంది, అడుగుతున్నట్టుగా. నేను చుట్టూ చూశాను. ఉతికే బట్టల బుట్ట బోర్లించి ఉంది. తలుపు పక్క అట్టపెట్టెలకి ఒక వరస టేపు చింపి, పైన ఇంకో వరస వేసి ఉంది. ఒకటి కాదు, అన్నిటికీ.

అప్పుడు నాకు అర్థమైంది. తువ్వాలు ఈవిడ పారేయలేదు. దాచలేదు కూడా. మొన్నటి నుంచి భర్తకంటే ఎక్కువగా వెతుకుతోంది. జనం పోగయి, కాలు కట్టి, కారెక్కించి, తను మళ్లీ మెట్ల దగ్గరికి వచ్చేసరికి అది అక్కడ లేదు. ఎవరో తీశారు. తీసినవాళ్లకి సంగతి తెలుసు. తెలిసీ మాట్లాడటం లేదు.

"అమ్మకి మాత్రం చెప్పకండి," అంది నెమ్మదిగా. "నాన్న పోయాక ఆవిడకి ఆ పియానో ఒక్కటే. నేనే పగలగొట్టానని తెలిస్తే..."

"ఆసుపత్రిలో ఉన్నతని సంగతి?"

ఆవిడ తరిగినవన్నీ గిన్నెలోకి తోసింది. కత్తి కడిగి, తుడిచి, మళ్లీ కడిగింది.

*

మధ్యాహ్నం భోజనానికి అందరినీ ఉండమంది టీచరమ్మ. మేస్త్రీ వద్దన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. కత్తెర వద్దనలేదు. ప్లేట్లన్నీ పెట్టెల్లో ఉన్నాయని ఉన్నవి సర్దారు. కత్తెరకి గిన్నె మూత వచ్చింది. దానిలోనే అన్నం పెట్టుకుని, పక్కన తన కాగితం, పెన్ను పెట్టాడు.

"సంతకం తిన్నాకే పెట్టండమ్మా, తొందర లేదు," అన్నాడు.

ఎవరూ సరిగ్గా తినడం లేదు. కూతురు రెండుసార్లు నోరు తెరిచి, అన్నం పెట్టనా అని అడిగి మూసేసింది. అల్లుడు కంచంలోంచి తల ఎత్తలేదు. టీచరమ్మ మాత్రం నింపాదిగా నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని వచ్చింది. వస్తూ తన గదిలోకి వెళ్లి, చంకలో ఏదో పెట్టుకుని తెచ్చింది. బల్ల మీద, కాగితం పక్కన పెట్టింది.

నీలం తువ్వాలు. నాలుగు మడతలు వేసి ఉంది. నెత్తురు లేదు. మధ్యలో చేతి వెడల్పున కుచ్చు నలిగి, అణిగిపోయి, ఒక అంచున పీలికలుగా లేచిపోయి ఉంది.

"స్తంభం కింద నాకే దొరికింది," అంది టీచరమ్మ. "అందరూ ఆ పిల్లాణ్ణి కారెక్కిస్తున్నారు. నేను మెట్లు దిగలేను కదా, పైనే నిలబడ్డాను. కాలి దగ్గరే ఉంది."

అల్లుడు తువ్వాలు వైపు, భార్య వైపు చూశాడు. ఈసారి ఆయనకి అర్థమైంది.

"మొన్నే తెలుసా మీకు?" అన్నాను. నా గొంతులో కొంచెం కోపం ఉంది. "మరి నన్నెందుకు పిలిచారు?"

"రెండు రోజులు చూశాను అమ్మా. తనంతట తను చెబుతుందేమోనని. నేను అడిగితే ఏడుస్తుంది, ఏడిస్తే నేను సరేలే అంటాను, అక్కడితో అయిపోతుంది. మా ఇద్దరికీ అది అలవాటు. బయటి మనిషి అడిగితే చెబుతుందేమోనని పిలిచాను." ఆవిడ కూతురి వైపు తిరిగింది. "ఇంకా నేనే చెప్పాలా?"

కూతురు లేచి నిలబడింది. ఎంగిలి చెయ్యి అలాగే ఉంది.

"నేనే పెట్టాను," అంది మేస్త్రీతో. అందరిలోకీ ఆయన్నే చూసి చెప్పింది. "బకిల్ నేనే విప్పి మళ్లీ బిగించాను. మీట సంగతి నాకు తెలీదు. వార్నిష్ పోతుందని పెట్టాను. నెత్తురు తుడిచానన్నది అబద్ధం."

మేస్త్రీ కంచం వైపు చూస్తూ తల ఊపాడు. "మావాడికి మీరే చెప్పాలమ్మా. ఎదురుగా నిలబడి నెమ్మదిగా చెప్పండి, పెదాలు చూసి అర్థం చేసుకుంటాడు."

కత్తెర తన కాగితం వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపు పైకి పెట్టాడు. పెన్ను మూత తీశాడు.

"ఇది రాశానంటే వెనక్కి తీసుకోలేను టీచరమ్మగారూ. పియానోకి మీకు ఒక్క పైసా రాదు. కాలి డబ్బు మా కంపెనీ ఇస్తుంది. ఇచ్చి, అది మీ అమ్మాయి దగ్గర రాబట్టాలని చూస్తుంది. నా వాళ్ల సంగతి నాకు తెలుసు. కోర్టుదాకా లాగుతారు."

"రాయండి," అంది టీచరమ్మ. "సాయంత్రం మా అమ్మాయి ఆసుపత్రికి వెళ్తుంది. నేనూ వెళ్తాను. అతనితో చెప్పాక వచ్చి మీరు రాసినదాని కింద సంతకం పెడుతుంది."

"మెట్లు ఎలా దిగుతావమ్మా?" అంది కూతురు.

"కూర్చుని దిగుతాను. పియానో దిగలేదూ?" ఆవిడ మేస్త్రీ వైపు తిరిగింది. "మీ మిగతా మనుషులతో ఎప్పుడు రాగలరో చెప్పండి. పగిలినా సరే, అది నాతో కొత్తింటికి వస్తుంది. మీరు తప్ప ఇంకెవరూ దాని మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు."

మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. "ముందు పట్టుకునే మనిషి లేడమ్మా," అన్నాడు.

"దొరికేదాకా ఆగుతాను. దాని పక్కనుంచి దూరడం మాకు అలవాటైంది. మీరు వచ్చిన రోజు మాత్రం మా ఇంట్లో వాళ్లందరం పని అయ్యేదాకా వీధిలో నిలబడతాం. ఏ ఒక్కరూ మెట్ల మీద కనపడకూడదు."

"నేను కూడానా అత్తయ్యా?" అన్నాడు అల్లుడు, మెల్లగా.

టీచరమ్మ నీలం తువ్వాలు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"నువ్వు ముందే స్నానం చేసి రా నాయనా."